డబ్బాలోని బీరు: గృహిణి తెలిసికొనవలసిన సంగతులు

ఇంటిలోనికి వచ్చు ప్రతి వస్తువును గృహిణి యొకసారి చేతబట్టి చూడక లోపలికి రానీయదు. బియ్యమైనచో రెండు గింజలు నోట వేసి కొఱికి చూచును. నేయియైనచో అరచేత రాచి వాసన చూచును. చేపయైనచో మొప్ప యెత్తి యెఱుపు చూచును. కొల్లేటి లంకలలో పుట్టి పెరిగిన యాడుపడుచునకు చేపను గూర్చియు, గోదావరి కాలువల క్రింద పుట్టిన దానికి ధాన్యమును గూర్చియు ఒకరు నేర్పవలసిన పని లేదు. అయితే ఈ కాలమున మన యిండ్లలోని ఫ్రిజ్ పెట్టెలలోనికి మనము పరీక్ష చేయనేరని క్రొత్త వస్తువొకటి వచ్చి చేరుచున్నది. అది చూచుటకు పండ్లరసపు డబ్బావలె ముచ్చటగా నుండును. దాని చుట్టును పక్షులు, పువ్వులు, కోతులు, కొండలు చిత్రింపబడి యుండును. చేతికి తేలిక; పట్టుకొన్న చల్లన. అది బీరు.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల సోదరీమణులు ఈ శీర్షికకు వ్రాయు జాబులలో దీనిని గూర్చిన ప్రశ్న ఇటీవల తఱచుగా వచ్చుచున్నది. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న కుమారుడు సంక్రాంతికి వచ్చుచు నాలుగు డబ్బాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టెననియు, అడిగినచో "అమ్మా, ఇది సారా కాదు, క్రాఫ్టు బీరు, చేతిపనివంటి శ్రేష్ఠమైన సరకు" అని బదులు చెప్పెననియు ఒక తల్లి వ్రాసినది. ఏడేండ్ల మనుమడు సోడా యనుకొని డబ్బా మూత లాగబోవుచుండగా చూచి గుండె గుభిల్లుమన్నదని మఱియొక యమ్మమ్మ వ్రాసినది. ఇది నిజముగా మంచి సరకేనా, దానియందు ఆకర్షణ యేమి, మనము చేయవలసిన దేమి అని వారి ప్రశ్న.

త్రాగుడు చెడ్డదని యొక్క మాట వ్రాసి కలము క్రింద పెట్టుట సులభము. కాని యామాట విన్న కుమారుడు నవ్వి యూరకొనును; "నీకు దీని సంగతి తెలియదులే" అనును. తెలియనివారి కోపమునకు ఇంటిలో విలువ తక్కువ. తెలిసి నెమ్మదిగా చెప్పిన మాటకు బలమెక్కువ. కావున ఈ నెల ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరములను, గుణదోషములను ఉన్నవి యున్నట్లు విచారింతము.

బీరు అనగా నేమి?

బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి, ఆ మొలకలను ఎండబెట్టి వేయించినచో మాల్టు అగును. మన యిండ్లలో పసిబిడ్డలకు రాగులు మొలకగట్టి మాల్టు చేయుటయు ఇట్టిదే. మొలకెత్తునప్పుడు గింజలో పుట్టు రసములు దానిలోని పిండిని చక్కెరగా మార్చును. ఆ మాల్టును నలిపి వేడినీట నానబెట్టి, తియ్యని రసమును వడిచి, హాప్స్ అను తీగె పువ్వులు వేసి కాచి చల్లార్చుదురు. పిమ్మట ఈస్టు అను సూక్ష్మజీవిని అందు కలుపుదురు. అది చక్కెరను తిని ఆల్కహాలును, బుడగలుగా పైకి వచ్చు బొగ్గుపులుసు గాలిని విడుచును. హాప్స్ పువ్వు చేదును, సువాసనను ఇచ్చును, చెడకుండ కాపాడును. బీరునకు మూలవస్తువులు ఈ నాలుగే: నీరు, బార్లీ, హాప్స్, ఈస్టు. మన దేశమున పెద్ద కార్ఖానాలవారు బార్లీతోపాటు బియ్యపు నూకలను కూడ వాడుదురు. అందువలన రుచి పలుచబడును, ఖర్చు తగ్గును.

సోదరీమణులకు వింతగా తోచు సంగతి యొకటి కలదు. ఈ విద్య మొదట స్త్రీలది. ప్రాచీన సుమేరియా దేశీయులకు బీరునకు అధిదేవత నింకాసి అను దేవి. ఐరోపాఖండమున అనేక శతాబ్దములు ఇంటింట రొట్టెతోపాటు బీరును కాచినవారు ఇల్లాండ్రే. హాప్స్ పువ్వునకు చెడకుండ కాపాడు గుణము కలదని పండ్రెండవ శతాబ్దముననే వ్రాసిన వ్రాతలలో జర్మనీ దేశపు సన్న్యాసిని హిల్డెగార్డు వ్రాత యొకటి. ఆ పని ఇంటి వంటశాలనుండి పెద్ద కార్ఖానాకు మారిన పిమ్మట అది పురుషుల వ్యాపారమైనది. త్రాగుట పురుషుల పనియు, దాని ఫలమనుభవించుట స్త్రీల పనియు నైనది.

కల్లుకుండ, బీరుడబ్బా

మన సీమలో దీనికి సోదరప్రాయమైనది తాటికల్లు. గీతపనివాడు మోకు కట్టుకొని చెట్టెక్కి, గెలను గీతకత్తితో పలుచగా చెక్కి, లొట్టి కట్టి వచ్చును. బొట్టుబొట్టుగా దిగు ఆ రసము తియ్యని నీరే. అందు నూటికి పది పండ్రెండు పాళ్లు చక్కెర యుండును. కాని గాలిలోను లొట్టిలోను ఉన్న ఈస్టు వెంటనే పని ప్రారంభించును. ప్రొద్దుట తియ్యగానున్నది ఎండ యెక్కునప్పటికి నురుగు గట్టి కల్లగును. మఱునాటికి పులిసి పుల్లనీరగును. కల్లు ఆయుర్దాయము ఒక్క దినము. దానిని దాచుటకు వీలు లేదు. దూరము పంపుటకు వీలు లేదు. ఊరి కల్లు ఊరనే త్రాగవలయును.

బీరు అట్లు కాదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు పులియుటను గూర్చి పరిశోధించి, 1876లో బీరును గూర్చి యొక గ్రంథమునే ప్రకటించెను. సీసాలో నింపిన పిమ్మట సుమారు 60 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషము లుంచినచో అందలి సూక్ష్మజీవులు నశించి నెలల తరబడి నిలువయుండునని తేలినది. పాలను కాచి నిలువచేయు పద్ధతికి ఆయన పేరే పెట్టిన సంగతి మీరెఱుగుదురు. ఒకదినపు పానీయమును ఆరునెలల సరకుగా మార్చి, రైలెక్కించి, ఓడ యెక్కించి, దేశదేశములకు పంపు వ్యాపారమునకు మూలమిదియే.

డబ్బా యేల వచ్చినది?

బీరునకు శత్రువులు మూడు: వెలుతురు, గాలి, వేడి. ఎండ తగిలినప్పుడు హాప్స్ చేదు విఱిగి ఒక గంధకపు పదార్థమగును. అది కొంచెమున్నను దుర్వాసన కొట్టును. అమెరికాలో స్కంకు అను దుర్గంధపు జంతువు కలదు. అక్కడివారు ఆ వాసనను దానితో పోల్చుదురు. గోధుమరంగు సీసా ఈ వెలుతురును చాలవఱకు ఆపును. ఆకుపచ్చ సీసా కొంచెమే యాపును. తెల్లసీసా యేమియు నాపదు. రేకు డబ్బాలోనికి వెలుతురు చొరనే చొరదు. సీసా బిరడా సందున గాలి కొంచెము కొంచెముగా లోనికి పోవచ్చును. చక్కగా మూసిన డబ్బాలోనికి పోదు. కావున బీరును కాపాడుటలో డబ్బా సీసాకంటె మేలు. ఇది వ్యాపారుల గొప్ప కాదు, శాస్త్రము.

1935 జనవరి 24వ తేదీన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రపు రిచ్మండు నగరమున క్రూగరు అను కంపెనీవారు మొదటిసారి బీరును డబ్బాలలో అమ్మిరి. ఆ సంవత్సరాంతముననే బ్రిటనులోని వేల్సు దేశమున, తగరపు రేకులకు పేరుపొందిన లెనెల్లి ప్రాంతమున, ఫెలిన్‌ఫోయెల్ అను చిన్న కార్ఖానా వారును డబ్బాలు నింపిరి. ఆనాటి డబ్బాలు బరువైన ఇనుపరేకువి. లోపలి పూత సరిగా లేనిచో లోహపు రుచి బీరునకు పట్టెడిది. డబ్బా బీరు తక్కువ సరకను అపవాదు అప్పటినుండి వచ్చినదే. 1959లో కూర్సు కంపెనీవారు అల్యూమినియపు డబ్బా తెచ్చిరి. ఇప్పటి డబ్బా బరువు సుమారు 13 గ్రాములు మాత్రమే. దాని ప్రక్కగోడ మందము మిల్లీమీటరులో పదవవంతు. లోపల పలుచని రసాయనపు పూత యుండుటచే బీరు లోహమును తాకదు. గ్లాసులో పోసినచో లోహపు వాసన యుండదు. డబ్బాకే నోరు పెట్టి త్రాగువారి ముక్కునకు పైరేకు వాసన తగులును, అంతియే.

చేతిపని బీరు అను మాట

ఇక క్రాఫ్టు అను మాటను విచారింతము. పెద్ద కార్ఖానాలు ప్రపంచమంతటను ఒకే పలుచని రుచిని అమ్ముచుండగా, విసిగిన కొందఱు చిన్నబట్టీలు పెట్టి, బార్లీనే నిండుగా వాడి, హాప్స్ ఎక్కువగా వేసి, రకరకముల రుచులు తెచ్చిరి. 1978లో అమెరికా ప్రభుత్వమువారు ఇంటిలో బీరు కాచుకొనుటకు అనుమతించుట ఇందుకు తోడ్పడినది. వీరు చాలకాలము డబ్బాను చిన్నచూపు చూచిరి. 2002లో కొలరాడో రాష్ట్రపు లయన్సు అను చిన్న ఊరిలో ఆస్కారు బ్లూసు అనువారు తమ ఘాటైన బీరును చేతియంత్రముతో ఒక్కొక్క డబ్బాలో నింపి అమ్మి, డబ్బాలో మంచి బీరు ఉండవచ్చునని చూపిరి. పిమ్మట చిన్నబట్టీలు అనేకములు ఆ త్రోవ పట్టినవి.

అమెరికాలో చిన్నబట్టీదారుల సంఘము ఒకటి కలదు. ఏడాదికి 60 లక్షల పీపాలకు మించక, పెద్ద మద్యపు కంపెనీలకు నాలుగవవంతు వాటాయైన నీయక నడచుబట్టీకే ఆ పేరు చెల్లునని వారు నియమము పెట్టుకొనిరి. మన దేశమున అట్టి కట్టుబాటు చట్టములో లేదు. ఎవరైనను తమ డబ్బాపై ఆ మాట వ్రాసికొనవచ్చును. 2015లో మన దేశమున పేరుపొందిన బీరా 91 అను సరకు మొదట బెల్జియములో కాచి ఓడలో తెచ్చినది. హైదరాబాదులో అదే సంవత్సరము తెలంగాణ ప్రభుత్వము చిన్నబట్టీలకు నియమములు చేసిన పిమ్మట, అక్కడనే కాచి అక్కడనే గ్లాసులో పోసి అమ్ము దుకాణములు పుట్టినవి. ఆ తాజా బీరు వేఱు, దుకాణమున కొన్న డబ్బా వేఱు. "చేతిపని" అన్నంతమాత్రమున ఒక ముసలి పనివాడు మట్టికుండలో కాచినట్లు తలపవలదు. మంగళగిరి చీరె యని పేరుపెట్టి మరమగ్గపు గుడ్డను అమ్మువారిని మనము చూచియే యున్నాము గదా!

నాణ్యమునకు మఱియొక చిక్కు కలదు. చిన్నబట్టీల బీరు అనేకములు పాశ్చరు పద్ధతిని వేడిచేయనివి, పూర్తిగా వడపోయనివి. అందుచేతనే వానికి ఎక్కువ రుచి. అందుచేతనే అవి మొదటినుండి చివరివఱకు చల్లగా నుండవలయును. పది డిగ్రీల వేడి హెచ్చిన కొలది బీరు పాతబడు వేగము రెండు మూడింతలగును. కొలరాడో కొండలలో మూడునెలలు బాగుండు డబ్బా, వైశాఖమాసమున ఏలూరు గోదాములో పేర్చి, మధ్యాహ్నపు టెండలో లారీమీద తాడేపల్లిగూడెము చేర్చినచో ఏమగును? హాప్స్ పరిమళము పోవును. తడిసిన అట్టముక్క వాసన వచ్చును. కావున డబ్బా అడుగున వ్రాసిన తేదీ చూడక, నిలువచేసిన తీరు నడుగక, పైబొమ్మనుబట్టి శ్రేష్ఠమనుకొనువాడు రుచి యెఱిగినవాడు కాడు.

డబ్బా మంచిదైన లోనిది మంచిదగునా?

ఇంతవఱకు చెప్పినదెల్ల సరకు చెడకుండుటను గూర్చినది. త్రాగువానికి అది చేయు మేలుకీళ్లు వేఱు ప్రశ్న. ఈ రెంటిని కలిపివేయుటయే వ్యాపారపు నేర్పు. కుమారుడు "మంచి సరకు" అన్నప్పుడు అతని మనస్సులో నున్నది రుచి. తల్లి మనస్సులో నున్నది అతని శరీరము. ఇద్దఱును ఒకే మాట ననుచున్నారు, ఒకే సంగతి ననుటలేదు.

ఇందుకు లెక్క వేసి చూచుటయే ఉపాయము. ఆహార ప్రమాణముల సంస్థవారి నియమముల ప్రకారము నూటికి 5 పాళ్లవఱకు ఆల్కహాలున్నది సాధారణపు బీరు. అంతకు మించి 8 పాళ్లవఱకు ఉన్నది స్ట్రాంగు బీరు. ఆ అంకె డబ్బాపై ముద్రించియే యుండును. 500 మిల్లీలీటర్ల స్ట్రాంగు డబ్బాలో 8 పాళ్ల చొప్పున 40 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు కలదు. అంగడిలో విస్కీ అని అమ్ముదానిలో నూటికి 42.8 పాళ్లుండును; అది 30 మిల్లీలీటర్లు పోసినచో అందున్న ఆల్కహాలు 13 మిల్లీలీటర్లకు లోపు. అనగా "ఇది విస్కీ కాదమ్మా, ఒక్క డబ్బా బీరే" అని చెప్పినవాడు మూడు చిన్న గ్లాసుల విస్కీ త్రాగినట్లే. 330 మిల్లీలీటర్ల సాధారణపు డబ్బాయైనను ఒకటింబావు గ్లాసు.

ఇంకను లెక్కింతము. 60 కిలోల బరువుగల పురుషుడు ఆ స్ట్రాంగు డబ్బాను త్వరగా త్రాగినచో అతని నెత్తురులో నూరు మిల్లీలీటర్లకు సుమారు 70, 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు చేరును. మోటారు వాహనముల చట్టము ప్రకారము బండి నడుపువానికి హద్దు 30. చిన్నడబ్బాతోనే ఆ హద్దు అందుకొనును. ఏలూరునుండి కైకలూరునకు కొల్లేటి గట్లమీదుగా రాత్రివేళ మోటారుసైకిలుపై వచ్చు పిల్లవానికై కాచికొని కూర్చుండు తల్లికి ఈ అంకె తెలిసియుండవలయును. ఆ పిల్లవానికిని తెలిసియుండవలయును.

ఆకర్షణ యెక్కడ నున్నది?

సీసాను చూచినంతనే అది మద్యమని తెలియును. సీసా బరువైనది, మ్రోగును, పగులును, దాచుట కష్టము. డబ్బా మ్రోగదు, పగులదు, త్వరగా చల్లబడును, పుస్తకముల సంచిలో నిముడును. చుట్టును బొమ్మ వేయుటకు చోటెక్కువ. పేర్లు హాస్యముగా పెట్టుదురు. మామిడి, నారింజ, కాఫీ రుచులు చేర్చుదురు. సారాకొట్టు అనగానే మనకు కలుగు జుగుప్స ఆ బొమ్మను చూచినప్పుడు కలుగదు. పూర్వము మగవాడు తాటితోపునకు పోయి త్రాగివచ్చినచో నలుగురికి తెలియును. సిగ్గు అనునది కొంత అడ్డు. ఇప్పుడు త్రాగుడు తోపునుండి ఫ్రిజ్‌లోనికి, కూరగాయల ప్రక్కకు, పెరుగుగిన్నె ప్రక్కకు వచ్చినది. అందము పెరిగినది, అడ్డు తగ్గినది. కాలేజీలో చదువు కుమార్తెలకు సయితము అది సోడావలె కనబడుచున్నది. మన రాష్ట్రమున 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదని చట్టము. ఫ్రిజ్ తలుపునకు చట్టము లేదు.

ఒక్క న్యాయమైన మాటయు చెప్పవలయును. కొల్లేటి గట్లపైనను, పెద్దింట్లమ్మ తీర్థపు రోజులలో దారిప్రక్కలను పగిలిన సీసా పెంకులు జాలరుల పాదములను, గేదెల గిట్టలను కోయును. అల్యూమినియము డబ్బాను పాతసామానులవారు ఏరుకొనిపోయి కరగింతురు. క్రొత్తలోహము తీయుటకు పట్టు శక్తిలో ఇరువదవవంతుతోనే అది మరల లోహమగును. ఈ విషయమున డబ్బాయే మేలు. అయినను నీటిలో విసరివైచినదానిని ఏరువాడెవ్వడు?

కొన్ని అపోహలు

బీరు చలువ యని మనవారందురు. చల్లగా త్రాగుటచేత నోటికి చలువ, శరీరమునకు కాదు. ఆల్కహాలు మూత్రమును హెచ్చించి ఒంటిలోని నీటిని వెడలించును. మే నెల వడగాడ్పులలో చేలగట్టునను, చేపలచెరువు గట్టునను పనిచేసి వచ్చినవాడు దప్పికకు బీరు త్రాగుట అపాయకరము. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, కొబ్బరినీరు ఆ పనికి తగినవి.

బీరు త్రాగినచో మూత్రపిండములలోని రాళ్లు కరగిపోవునని మఱియొక నమ్మిక. రాయి బీరునకు కరగదు. చిన్నరాయి మూత్రముతో పోవుటకు ఎక్కువగా నీరు త్రాగినను చాలును. పెద్దరాయి దారిలో అడ్డుపడియున్నప్పుడు మూత్రమును బలవంతముగా హెచ్చించినచో బాధయే హెచ్చును. బీరులోని కొన్ని పదార్థములు యూరికామ్లమును పెంచి ఒక జాతి రాళ్లకు కారణము కూడ కావచ్చును. నొప్పి వచ్చినప్పుడు వైద్యుని కడకు పోవలయునుగాని దుకాణమునకు కాదు.

బాలింతకు, గర్భిణికి కొంచెము బీరు బలమని పట్టణములలో కొందఱనుట విన్నాము. గర్భిణి త్రాగిన ఆల్కహాలు మాయగుండ శిశువునకు పోవును. నిరపాయకరమైన మోతాదు అనునది లేదు. చనుబాలలోనికిని అది చేరును. ఆల్కహాలును పుట్టకురుపు కలిగించు పదార్థముగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే నిర్ణయించినది. స్త్రీలకు రొమ్ము క్యాన్సరు భయము కొలది మోతాదులతోనే హెచ్చును. నిరపాయకరమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో స్పష్టముగా చెప్పినది. విస్కీలోని ఆల్కహాలు వేఱు, బీరులోని ఆల్కహాలు వేఱు కాదు. చిత్రము వేసిన డబ్బాలోనిదియు అదియే.

మన తాటిచెట్టును మఱువరాదు

రుచిగల, స్వదేశపు, చేతిపని పానీయమే కావలయునన్నచో మన చేలగట్లపై నిలిచియున్న తాటిచెట్టు దానిని యుగములనుండి ఇచ్చుచున్నది. లొట్టిలోపల సున్నము పూసి కట్టినచో రసము పులియక తియ్యగా దిగును. దానిని కాచినచో తాటిబెల్లమగును. సూర్యోదయమునకు ముందే దింపి చల్లగానుంచినచో అదియే నీరా. అందు మత్తు లేదు. 1930ల నాడు గాంధిమహాత్ముని గ్రామపరిశ్రమల సంఘమువారు వార్ధాలో తాటిబెల్లపు పరిశ్రమను ప్రోత్సహించినది, గీతపనివాని జీవనము పోకుండ త్రాగుడు పోవలయునని. కొబ్బరిగెలనుండి దిగు రసము పులియకుండ చెట్టుమీదనే మంచుపెట్టెలో పట్టు సాధనమును కేరళలోని కాసరగోడు పరిశోధన కేంద్రమువారు తయారుచేసిరి. తాడేపల్లిగూడెము ప్రక్కనున్న వెంకటరామన్నగూడెపు ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చెందిన పందిరిమామిడి కేంద్రము తాటిచెట్టును గూర్చి పరిశోధనలు చేయుచున్నది. హైదరాబాదులో హుస్సేనుసాగరపు టొడ్డున 2023 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము నీరా దుకాణమును తెఱచినది. అయినను నీరాకు కల్లునకున్న చిక్కే కలదు: చల్లదనము తప్పినచో గంటలలో పులియును. బీరుడబ్బాకై వెచ్చించిన బుద్ధిలో ఒక పాలు నీరాపై వెచ్చించినచో మన తోపులకును, ప్రాణమునకు తెగించి చెట్టెక్కు ఆ కుటుంబములకును మేలగును.

మనము చేయవలసినది

ఈ ప్రాంతమునకు మద్యనిషేధము క్రొత్త కాదు. 1948 అక్టోబరు 2న మద్రాసు రాష్ట్రమంతటను నిషేధము వచ్చినప్పుడు ఏలూరు అందులోనిదే. 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయినదియు ఈ మద్యనిషేధపు తగవుపైననే. 1991-92లో నెల్లూరు మండలమున అక్షరములు నేర్చుకొన్న గ్రామస్త్రీలు, దూబగుంట రోశమ్మవంటివారు, సారాదుకాణములను మూయించిరి. 1993లో సారాయు, 1995 జనవరిలో సమస్తమద్యమును నిషేధింపబడినవి. 1997లో ఆ నిషేధము సడలినది. చట్టము వచ్చును, పోవును. ఆ స్త్రీలకు బలమిచ్చినది చదివిన పాఠము. మనకును చదువవలసిన పాఠము డబ్బామీదనే అచ్చువేసి యున్నది.

కావున సోదరీమణులారా, ఇంటికి డబ్బా వచ్చినచో దానిని కాలువలో విసరివేయక ముందు చేతబట్టి చదువుడు. నూటికెన్ని పాళ్లో, ఎన్ని మిల్లీలీటర్లో చూడుడు. రెంటిని హెచ్చించి నూటితో భాగించినచో ఆల్కహాలు తేలును. ఆ లెక్కను త్రాగువాని యెదుట నెమ్మదిగా చెప్పుడు. పిల్లలున్న యింట పండ్లరసముల ప్రక్కన దానిని పెట్టనీయకుడు. తాళము గల చోట పెట్టుమని, లేనిచో తేవలదని నిక్కచ్చిగా చెప్పుడు. అక్షరములు వచ్చిన పిల్లలకు ఆ డబ్బాపైనున్న హెచ్చరికను చూపి చదివింపుడు; బొమ్మలో తేడా తెలియని పసివారికి మనమే కావలి. ఏ డబ్బానైనను, సోడాదైనను సరే, పైమూత కడిగి తుడిచిన పిమ్మటనే తెఱవనీయుడు. ఉబ్బిన డబ్బాను పారవేయుడు. ఏ డబ్బాను గడ్డకట్టు అఱలో పెట్టకుడు, పగులును. బండి తాళపుచెవి మాత్రము త్రాగినవాని చేతికి ఇయ్యకుడు. ఆ యొక్క విషయమున మొగమాటము పనికిరాదు.

ప్రతిదినము డబ్బా లేనిదే నిద్రపట్టనివానిని, చేయి వణకువానిని నిందించి ప్రయోజనము లేదు, అది రోగము. జిల్లా ఆసుపత్రులలో మానసిక వైద్యులు దానికి చికిత్స చేయుదురు. హఠాత్తుగా మాన్పించుట ప్రాణాపాయము కావచ్చును గనుక వైద్యుని సలహాతోనే మాన్పింపవలయును. ఇంటి గుట్టని దాచి ఏండ్లు గడపుటకంటె తొలినాడే తీసికొనిపోవుట మేలు.

డబ్బా చక్కని వస్తువు. దానిని కనిపెట్టినవారు బుద్ధిమంతులు. లోనిదానిని కొలిచి చూచు బుద్ధి మనకును కలదు.